పిన్ని గిటారుకి తాతయ్య ఎంచిన యాంప్లిఫయరు

మా చిన్నప్పుడు... ఏలూరులో ఓ వాయిద్యాల షాపు. మా పిన్ని కౌంటరు ముందు నిలబడి “నాకు క్లీన్ సౌండు కావాలండీ” అంది. షాపాయన నొచ్చుకున్నాడు. “మా దగ్గర అన్నీ క్లీనేనండీ, రోజూ తుడుస్తాం” అంటూ గుడ్డ తెచ్చి, ఓ యాంప్లిఫయరుని మా ఎదురుగానే మళ్ళీ తుడిచాడు...

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. అప్పుడు డిగ్రీ చదివేది. తాతయ్యది తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం. ఆ ఘాటు మధ్య కూర్చుని పిన్ని గిటారు మీద జాజ్, బ్లూస్ వాయించేది. తీగ సాగదీసి ఏడుపులాంటి ఆ బ్లూస్ అందుకుందంటే చాలు, అమ్మమ్మ వంటింట్లోంచి “ఎవరికేమైందే?” అంటూ పరుగున వచ్చేది.

పిన్ని కోరిక ఒక్కటే. గరగర లేకుండా, ఏ తీగకా తీగ విడివిడిగా వినిపించాలి.

షాపులో మాకు తగినవి రెండు తేలాయి. ఒకటి టిఫిను క్యారియరు కన్నా కాస్త పెద్దది. రెండోది అమ్మమ్మ భోషాణమంత. తాతయ్యకి సంగీతం తెలీదు, సరుకు తెలుసు. పెద్దదాన్ని ఎత్తబోయి, ఎత్తలేక, తృప్తిగా తలాడించాడు. “ఇది తీసుకో అమ్మాయ్, బరువుంది.”

“ఉల్లిపాయల బస్తానా నాన్నగారూ, బరువు చూడ్డానికి? నేను వాయించేదే మెల్లగా...”

చిన్నది పెట్టి వాయిస్తే షాపులో నిజంగానే హాయిగా ఉంది. అదే కొన్నాం. రైల్లో గూడెం దాకా పిన్ని దాన్ని ఒళ్ళోంచి దించలేదు.

వారం తిరక్కుండా భీమడోలులో చుట్టాల పెళ్ళి రిసెప్షను. పిన్ని జనం ముందు వాయించడం అదే మొదటిసారి. పక్కన డ్రమ్సు ఆయన పూనకం వచ్చినట్టు బాదుతున్నాడు. “వినపడట్లేదండీ!” అని వెనక వరసలోంచి కేక. పిన్ని సౌండు పెంచే మీట తిప్పింది. మళ్ళీ తిప్పింది. చివరిదాకా తిప్పేసరికి ఆ మెత్తటి పాట కాస్తా మిక్సీలో పచ్చి శనగలు పోసినట్టయింది...

పెళ్ళికూతురి తాతగారు లేచి, ఎంతో మర్యాదగా, “ఏవండీ, ఆ పెట్టె కాలిపోతున్నట్టుంది, ఎవరైనా కాస్త చూడండి” అన్నారు. వంటల వైపు నుంచి ఒకాయన బిందెడు నీళ్ళతో పరుగెత్తుకొచ్చాడు. హాలంతా నవ్వు. పిన్ని కూడా నవ్వింది.

ఇంటికొచ్చాక గిటారు తీసుకెళ్ళి బీరువా మీద పెట్టేసింది. నాలుగు రోజులు దాని వంక చూడలేదు. చివరికి అమ్మమ్మే, “ఆ ఏడుపు లేకపోతే ఇల్లు బోసిగా ఉందే” అంది.

ఐదోరోజు పొద్దున్న తాతయ్య పిన్నిని పిలిచాడు.

“అది ఎక్కడ మూలగడం మొదలెట్టిందమ్మా?”

“సగం దాటాక, నాన్నగారూ.”

“అదీ! ఆటోకి లారీ లోడు వేస్తే అలాగే మూలుగుతుంది. లారీకి ఆటో లోడు వేసి చూడు... కిక్కురుమనకుండా లాగేస్తుంది.”

పిన్ని వెళ్ళి బీరువా మీంచి గిటారు దించింది.

మళ్ళీ ఏలూరు. చిన్న పెట్టె తాతయ్య చంకలో ఉంది. “ఏవండీ, ఇది తీసుకుని పెద్దది ఇవ్వండి. మేము మీట పావు వంతే తిప్పుతాం.”

“పావు వంతుకి అంత పెద్దదెందుకండీ?”

“ఆ వాడని బలమేనండీ మాకు కావలసింది.”

తాతయ్య అంతటితో ఆగలేదు. షాపాయన్నే డ్రమ్సు దగ్గర కూర్చోబెట్టి, “గట్టిగా కొట్టండి, మొహమాటపడకండి” అన్నాడు. తను రోడ్డు దాటి అవతల నిలబడి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పిన్ని భయంభయంగా మొదలుపెట్టింది. కాసేపటికి రోడ్డవతలి నుంచి, “ఏ తీగకా తీగే వినపడుతోందమ్మా!” అని ఒకటే అరుపు. దారిన పోయేవాళ్ళు ఆగిపోయారు. పిన్ని కళ్ళ నిండా నీళ్ళు... చెయ్యి మాత్రం ఆపలేదు.

షాపాయన మారుమాట లేకుండా చిన్నది వెనక్కి తీసుకున్నాడని చెప్పలేను. చాలా మాటలే అన్నాడు. కానీ తీసుకున్నాడు.

ఆ తరవాత కొల్లేటికోటలో స్నేహితురాలి పెళ్ళికి పిన్ని వాయించింది. మీట పావు దాటలేదు. చివరి వరసలో కూర్చున్న ముసలమ్మ ఒకావిడ, “ఇంకోటి వాయించమ్మా” అని కబురు పంపింది.

ఇప్పుడు కొనే ముందు ఫోనులో వందమంది అభిప్రాయాలు చదువుతాం. నచ్చకపోతే ఒక్క నొక్కు నొక్కితే మనిషొచ్చి పట్టుకెళ్ళిపోతాడు. మొదట నేను చెప్పినట్టు వినలేదేం అని ఒక్క మాట అనకుండా, పెట్టె చంకన పెట్టుకుని మనతో పాటు మళ్ళీ షాపుకి వచ్చే మనిషి మాత్రం ఏ ఫోనులోనూ దొరకడు...

మీ ఇంట్లో అలా వచ్చిందెవరు? ఏం మార్చుకోవడానికి వెళ్ళారు?