ఉమ్మ గుడిసె బయట వినిపించిన కూత

సజీవుడైన దేవునికి స్తోత్రం. కొండలను నిలిపినవాడు, ఎండిన నేల మీద వాన కురిపించేవాడు, చీకట్లో కూర్చున్నవాళ్లను కూడా చూచేవాడు ఆయనే. ఆయన నామాన్ని ముందు స్తుతించకుండా ఈ సంగతి రాయడానికి నాకు ధైర్యం చాలదు.

నేను దయ్యాల కథలు నమ్మినవాణ్ణి కాను. అపవిత్రాత్మలు ఉన్నాయని లేఖనం చెబుతుంది గనక ఒప్పుకుంటాను. కాని చచ్చిపోయినవాళ్లు తిరిగి వస్తారని ఎవరైనా అంటే లేచి నిలబడి ఖండించేవాణ్ణి. నార్కట్‌పల్లి దగ్గర ఒక చిన్న సంఘానికి ఉపదేశకుడిగా ఉన్నప్పుడు, పొలిమేరలో ఏదో కనిపించిందని జ్వరం తెచ్చుకున్న ఒకాయన్ని ఆరాధనలో అందరి ముందే మందలించాను. ఇది చదివి ఎవరైనా నన్ను అట్లాగే మందలిస్తే తప్పు పట్టను.

మాది మర్రిగూడ వైపు ఒక ఊరు. పుట్టుకతో కురుమలం. గొర్రెలు కాయడం, ఉన్నితో గొంగళ్లు నేయడం మా ఇంటి పని. పడుచువయసులో జబ్బు చేసి మిషన్ దవాఖానలో పడి ఉన్నప్పుడు నేను ప్రభువును తెలుసుకున్నాను. ఇంట్లో ఇంకెవరూ తెలుసుకోలేదు. మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన చివరిదాకా మా కులదేవుడు బీరప్పనే మొక్కి కన్నుమూశాడు. ఆయన పోయినప్పుడు నేను తల గొరిగించుకోలేదు. బాపు ఇప్పుడు ఎక్కడ ఉన్నట్టని మా అన్న మల్లయ్య అడిగితే, నేర్చుకున్నది దాచకుండా చెప్పాను. రక్షణ లేకుండా పోయినవాళ్లు నరకానికే పోతారన్నాను. ఆనాటి నుంచి అన్న నా ముఖం చూడటం మానేశాడు.

మా అక్క ఎల్లమ్మ మొగుడు పోయాక అన్న ఇంట్లోనే ఉండేది. ఆమె నడుము వంగిపోయింది, మోకాళ్లు ముడుచుకుపోయాయి, మెడ తిరిగేది కాదు. మా వైపు అట్లా అయినవాళ్లు ఇంటికొకరు ఉండేవారు. నీళ్ల దోషమని తర్వాత అన్నారు గాని అప్పుడు మాకేమీ తెలియదు. నేనే ఆమెను నల్లగొండ తీసుకుపోయి దవాఖానలో చూపించాను. కీళ్లకు చేసేదేమీ లేదన్నారు. గుండె చాలా బలహీనంగా ఉంది, ఎండలో కూడా తిప్పవద్దన్నారు.

అందుకే, అక్కను ఉమ్మ గుడిసెలో కూర్చోబెడుతున్నారని తెలియగానే ఎట్లాగైనా ఆపాలనుకున్నాను.

ఉమ్మ అంటే ఆవిరి వేడి. దేవరకొండ ఇవతలి గుట్టల కింద, ఎండలు ముదరకముందు, మా వంశంవాళ్లు నాలుగైదు ఊళ్ల నుంచి వచ్చి రెండు రోజులు కూడేవారు. కొమ్మలు వంచి నడుమెత్తు గుడిసె కట్టి, ఇంటింటి గొంగళ్లు దాని మీద కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టేవారు. లోపల గుంటలో ఎర్రగా కాలిన రాళ్లు వేసి, వావిలాకు పరిచి, నీళ్లు చల్లేవారు. కీళ్లు పట్టేసినవాళ్లు ఆ ఆవిరిలో కూర్చోవాలి. అంతవరకైతే అది వైద్యమే. కాని ముందు బీరప్పకు పొట్టేలును కోసేవారు, ఆ నెత్తురు గుమ్మం ముందు చల్లేవారు. నాకది విగ్రహారాధన. ఇప్పటికీ అంతే.

దానికొక కట్టుబాటు ఉంది. ఒకసారి కూర్చున్నాక లోపలివాళ్లు గొంగడి ఎత్తకూడదు. కూర్చున్నవాళ్ల ఇంటి పెద్ద బయట నిలబడి, తన మందను పిలిచే కూత వేయాలి. అది వినిపించాకనే లోపలి పెద్దమనిషి గొంగడి ఎత్తుతాడు. కాపరి పిలవకుండా మంద కదలదు గదా, ఇదీ అట్లాగేనని వాళ్ల లెక్క. మా వాళ్లలో ఎవరి కూత వారిదే. పరాయి కూతకు గొర్రె తల కూడా ఎత్తదు.

ఆదివారం ఆరాధన ఇంకొకరికి అప్పగించి, శనివారమే వెళ్లాను. నన్ను చూసి ఎవరూ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. అన్న నా వైపు చూడకుండానే పక్కవాళ్లతో అన్నాడు.

"అయ్యగారొచ్చిండు. జర దూరం జరుగుండ్రి. మన గాలి సోకితె మల్ల తానం జెయ్యాలె."

అందరూ నవ్వారు. నేను అక్క దగ్గర కూర్చుని, వద్దని బతిమాలాను. దవాఖానవాళ్లు చెప్పింది గుర్తు చేశాను.

"దవాఖానోళ్లు ఏం జేసిండ్రు తమ్మీ?" అంది అక్క. "గీ కాళ్లతోని పాకుకుంట బతికే కంటె, గా గుడిసెల సచ్చినా మంచిదే."

అట్లయితే నీ పక్కన నేనూ కూర్చుంటానన్నాను. అన్న అడ్డు చెప్పలేదు. లోపల నా దేవుని పేరు ఎత్తితే మాత్రం ఊరుకోనన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం, మిగతా ఇళ్లవాళ్లు వెళ్లిపోయాక, చివరికి మా ఇంటి వంతు వచ్చింది. గుడిసెలోకి పాకుతూ వెళ్లాం. నీళ్లు చల్లే బాలయ్య తాత, మా వంశంవాళ్లే ఇద్దరు మగవాళ్లు, అక్క, నేను. కూత వేయడానికి అన్న బయట నిలబడ్డాడు. గొంగడి దించగానే కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. తడి ఉన్ని వాసన, వావిలాకు ఘాటు. తాత నీళ్లు చల్లగానే ఆవిరి ముఖానికి కొట్టింది. ఊపిరి తీస్తే రొమ్ము మండింది. అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

నేను మొదట మనసులోనే ప్రార్థించాను. కొంతసేపటికి పైకే ప్రార్థించాను. ప్రభువు పేరు పెట్టే పిలిచాను. పిలవకుండా ఉండటం నాకు తెలియదు.

తాత మళ్లీ నీళ్లు చల్లాడు. ఆ తర్వాత ఇంకోసారి. బయటి నుంచి కూత రాలేదు. అక్క పట్టు సడలింది. ఆమె తల నా భుజం మీదికి వాలింది. పిలిస్తే పలకలేదు. గొంగడి ఎత్తమని అరిచాను.

"కూత రాలే," అన్నాడు తాత. "నోరు మూసుకొని కూసో."

అన్నను పేరు పెట్టి పిలిచాను. జవాబు లేదు. గొంగళ్లు చీల్చేద్దామని లేస్తే, ఆ ఇద్దరూ నన్ను కిందికి అదిమిపెట్టారు. వాళ్లకూ ఊపిరి ఆడటం లేదు. ఒకాయన ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే నన్ను పట్టుకున్నాడు గాని, చేయి చాపి గొంగడి ఎత్తలేదు. అక్కడే చావడానికైనా సిద్ధంగా ఉన్నారు. ప్రభువా, నువ్వే తెరువు అని మొరపెట్టాను.

అప్పుడు కూత వినిపించింది.

గుడిసెకు ఆనుకునే, బయటి నుంచి వచ్చింది. మొదట పొడుగ్గా, లోతుగా. మధ్యలో దగ్గుతో తెగింది. మళ్లీ అందుకుని పైకి లేచింది. మా బాపు కూత అది. ఎన్నో ఏళ్లు దగ్గుతో బాధపడ్డ మనిషి. మంద కోసం ఎప్పుడు గొంతెత్తినా అక్కడే తెగేది. మా అన్న కూతలో ఆ తెగడం లేదు.

నన్ను పట్టుకున్న చేతులు వదిలేశాయి. తాత ఏదో గొణిగి గొంగడి ఎత్తాడు.

అక్కను బయటికి లాగాం. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. కాని గుడిసె చుట్టూ గొర్రెలు నిలబడి ఉన్నాయి. మేము లోపలికి పోయేటప్పుడు గుట్ట మీద మేస్తున్న మంద మొత్తం, రొప్పుతూ, గుడిసె వైపే చూస్తోంది. అవి బాపు కాసిన గొర్రెలు కావు. ఆయన పోయాక కరువులో ఆ మందను అమ్ముకున్నాం. ఇవి అన్న తర్వాత వేరే వైపు నుంచి కొని తెచ్చినవి. బాపు గొంతు వాటికి తెలియదు.

కాస్త దూరంలో పొయ్యి దగ్గర మా వదిన ఉంది. నెత్తి మీదికి కొంగు లాక్కుని, ముఖం అటు తిప్పుకుని, లేచి నిలబడి ఉంది. మామ ఇంట్లోకి వస్తే ఆమె ఎప్పుడూ అట్లా నిలబడేది. తాను లేచింది చనిపోయిన మామ కోసమని మమ్మల్ని చూశాకే ఆమెకు తెలిసింది. అక్కడే కూలబడి ఏడ్చింది. కూత గుడిసె వెనక నుంచి వచ్చిందని చెప్పింది.

నీళ్లు చల్లితే అక్క కళ్లు తెరిచింది. బాపు ఎటు పోయాడని అడిగింది.

అన్న గుట్ట మీది నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నా ప్రార్థన చెవిన పడగానే కోపంతో చేతికర్ర విసిరికొట్టి, మంద దగ్గరికి వెళ్లిపోయాడట. నేను కాసేపు ఉడకాలనుకున్నాడట. లోపల అక్క కూడా ఉందన్నది ఆ కోపంలో మరిచాడు. పైన ఉండగా గొర్రెలన్నీ ఒక్కసారే తలలెత్తి, కిందికి పరుగు తీశాయట. ఆయనకు మాత్రం ఏ కూతా వినిపించలేదు.

మేము విన్నది తాత చెప్పాడు. అన్న నా వైపు తిరిగాడు.

"నువ్వు కూసినవా?"

"నేను లోపలనే ఉన్న."

నిజమేనని తాత అన్నాడు. అన్న గొర్రెల వైపు చూసి అడిగాడు.

"బాపు నరకంల ఉన్నడంటివి గద. మరి గక్కడికెల్లి పిలుస్తె, గుట్ట మీది గొర్రెలకు ఎట్ల ఇనొచ్చిందిరా?"



ఆరాధన మాని బలి జరిగినచోట కూర్చున్నానని సంఘం నన్ను కొన్నాళ్లు, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్లకు దూరంగా ఉంచింది. అది న్యాయమే. మాకు పైన ఉన్న పాస్టరుగారితో జరిగిందంతా చెప్పాను. సాతాను తండ్రి గొంతు కూడా తెచ్చుకోగలడన్నారు. సాతాను ఒక ముసలిదాని ప్రాణం ఎందుకు కాపాడాడని అడిగితే, అటువంటి ప్రశ్నలు వేయవద్దన్నారు. ఒక సహోదరి దేవదూత అయ్యుంటాడంది. దేవదూతకు దగ్గు ఎందుకుంటుంది?

ఒక పొద్దున ఎవరూ లేనప్పుడు అన్న మంద దగ్గరికి వెళ్లి, బాపు కూతను దగ్గుతో సహా వేసి చూశాను. చిన్నప్పటి నుంచి విన్నది గనక నాకది బాగానే వస్తుంది. ఒక్క గొర్రె కూడా తల ఎత్తలేదు.

అక్క ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు బతికింది. కాళ్లు చక్కబడలేదు. నేను ఇప్పటికీ వాక్యం చెబుతాను, బలులు తప్పని చెబుతాను. రక్షణ లేకుండా పోయినవాళ్ల మాట వచ్చేసరికి మాత్రం నా నోరు ఆగిపోతుంది. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నాకు ఈనాటికీ తెలియదు.

సహోదరులారా, పోయినవాళ్ల కోసం ప్రార్థించకూడదని మన సంఘం నేర్పింది. నేనూ నేర్పాను. అందుకని మిమ్మల్ని అట్లా చేయమని అడగను. కాసేపు నాతో కలిసి తల వంచండి, చాలు.

ప్రభువా, ఆ రోజు మమ్మల్ని బయటికి పిలిచింది ఎవరో నీకు తెలుసు. ఆయన ఎక్కడ ఉన్నా, నీ కంటికి దూరం చేయకు. ఆమెన్.