ఎదగని నాణేలకు కొలతలు

మా మావయ్య టైలరు. ముప్పై ఏళ్లుగా పోగేసిన పాత నాణేలన్నీ ఒకే బిస్కెట్ డబ్బాలో పోసి ఉంచాడు. అవి ఒకదానికొకటి రాసుకుని బొమ్మలు అరిగిపోతున్నాయని నేను గోల పెట్టాక ఆల్బమ్ కొనడానికి ఒప్పుకున్నాడు. ఒక్కో నాణేనికీ ఒక్కో గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీ, ఆ డబ్బీలు పట్టే పేజీలు ఉండే రకం. కొలతలు మాత్రం తనే తీశాడు.

పార్సిల్ వచ్చింది. కుట్టు నేర్పిన గురువుగారు ఇచ్చిన రాగి నాణెమంటే ఆయనకు ప్రాణం. ముందు దాన్నే డబ్బీలో పెట్టి ఊపితే గలగలమంది. ఇలా కదిలితే దాని మీది గుర్రం అరిగిపోవడం ఖాయం.

"ఇంత వదులేంటి మావయ్యా?"

"అలవాటురా. అన్నిటికీ రెండు మిల్లీమీటర్లు ఎక్కువ రాసేశాను."

అత్తయ్య పడీపడీ నవ్వింది. "నాణేలు కూడా ఎదుగుతాయా ఏంటండీ, వచ్చే ఏడాదికి సరిపోవాలని?"

మావయ్యా నవ్వేశాడు. ఆ డబ్బీల్లోకి కాస్త పెద్ద నాణేలు మార్చి, రాగి నాణేనికి సరైన కొలతతో మళ్లీ తెప్పించాడు. మూత నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చప్పుడు లేదు.

"చూశావా, ఒంటికి పట్టినట్టుంది," అన్నాడు అత్తయ్యతో.