మరియమ్మ వందో ఏడు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, 2017 వానాకాలం మొదట్లో, మేడ్చల్‌లో ఆరోగ్య పర్యవేక్షకురాలిగా ఉన్న నాకు శామీర్‌పేట వైపు పల్లెల్లో ఒక సర్వే అప్పగించారు. తొంభై ఐదు దాటినవాళ్లను వెతికి, వయసు నిర్ధారించి, వాళ్ల తిండి, పని, జబ్బుల వివరాలు ఫారాల్లో నింపాలి. దీర్ఘాయుష్షు మీద పరిశోధన చేసే ఒక బృందానికి అవి కావాలి.

ఆధార్ కార్డులో వృద్ధుల వయసు చాలాసార్లు రాసినవాళ్ల అంచనా. అందుకే అందరూ ఎరిగిన సంఘటన ఒకటి పట్టుకుని, అప్పటికి మీకు పెళ్లయిందా, పిల్లలెందరు అని అడిగి లెక్క కడతాం. ఒక పల్లెలో దొరికిన మరియమ్మ విషయంలో ఆ శ్రమ అక్కర్లేదనుకున్నాను. చర్చి బాప్తిస్మాల రిజిస్టర్‌లో ఆమె పేరు, తల్లిదండ్రుల పేర్లు, తేదీ స్పష్టంగా ఉన్నాయి. నిండు నూరేళ్లు. సరిచూశానని సంతకం పెట్టేశాను. కాగితం దొరికితే మనిషిని అడగని జబ్బు మా శాఖలో అందరికీ ఉంది. నాకు కాస్త ఎక్కువ.

నా సంతకం చూసి సంఘంవాళ్లు ఆదివారం ఆరాధన తర్వాత ఆమెకు సన్మానం పెట్టుకున్నారు. చిన్నకొడుకు యేసురత్నం కొంపల్లి నుంచి శాలువా తెచ్చాడు, చుట్టాలందరినీ పిలిచాడు. శుక్రవారం నేను తిండి వివరాల కోసం వెళ్తే, మాటల్లో అవ్వ అంది: "రజాకార్ల లొల్లప్పుడు నా తొలుసూరి పిల్లగాన్ని సంకనేస్కొని చేన్లల్ల దాక్కున్న."

రజాకార్ల లొల్లంటే 1948. రిజిస్టర్ ప్రకారం అప్పటికి ఆమెకు ముప్పై దాటాలి. ఆ రోజుల్లో ఆ వయసుకు తొలిచూలా? గుచ్చి గుచ్చి అడిగాను.

"గా రాసింది మా అక్క పేరు బిడ్డా. నాలుగేండ్లకే గత్తరొచ్చి సచ్చిపోయింది. అటెన్క నేను పుడితే గదే పేరు పెట్టిన్రు. నాకు బాప్తిస్మం అమ్మమ్మోల్ల ఊర్ల అయింది."

గత్తరంటే కలరా. మళ్లీ లెక్క కడితే ఆమెకు తొంభై. యేసురత్నం ముఖం వాడిపోయింది. "ఆదివారం దాంక ఆగి దిద్దుకోరాదా మేడం," అన్నాడు మెల్లగా. తప్పు నాది, చిన్నబోయింది అతను. నా మీద నాకే కోపం వచ్చింది. అయినా ఫారం మీద పెట్టిన సంతకాన్ని గీత గీసి కొట్టేశాను.

అలవాటుగా ఆఖరి ప్రశ్న కూడా అడిగాను, ఇంతకాలం బతకడానికి ఏం తిన్నారని. జొన్నరొట్టె అన్నాడు యేసురత్నం.

"తొమ్మిదిమందిమి పుట్టినం," అంది అవ్వ. "అందరం గవే జొన్నరొట్టెలు తిన్నం. పెద్దగైంది ఇద్దరమే."

సన్మానం ఆగలేదు. తొంభై ఏళ్లేనని అందరికీ చెప్పి మరీ శాలువా కప్పారు, నేనూ వెళ్లాను. మా సర్వేకు ఆమె పనికిరాలేదు గానీ, సర్వేలో లోపం చూపించింది ఆమే. బతికినవాళ్లను మాత్రమే అడిగితే, వాళ్లెందుకు బతికారో తెలియదు. పోయినవాళ్లకు మా ఫారంలో గడి లేదు. ఆ తర్వాత ప్రతి ఫారం వెనక తోబుట్టువులను రాయించాను, ఏ వయసులో, ఏ జబ్బుతో పోయారో సహా. కొట్టేసిన ఫారం వెనక రాసిన మొదటి పేరు: మరియమ్మ, నాలుగేళ్లు, గత్తర.