చిత్తు కాగితాలు అడిగిన బడి

దీపావళి వెళ్లాక వచ్చిన రెండో మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. టైము ఎందుకు గుర్తుందంటే నన్ను పిలిపించిన బడి గదిలో గడియారం సరిగ్గా నాకు ఎదురుగా ఉంది. మనుషుల మొహాలు చూడలేక దాన్నే చూస్తూ కూర్చున్నాను.

అది నా మనవరాలు చదివే ఇంటర్నేషనల్ స్కూలు. కూర్మన్నపాలెంలో మా ఇంటి నుంచి రెండు బస్సులు మారితే గాని రాదు. తోటి పిల్లలందరూ ద్వారకా నగర్ కోచింగుల్లో పడి బట్టీ కొడుతుంటే, ఇది ఏదో పరీక్ష రాసి అక్కడ ఫీజు లేని సీటు తెచ్చుకుంది. వాళ్లది రెండేళ్ల డిప్లొమా. ఆరు సబ్జెక్టులు చదవాలి. అది చాలనట్టు ఒక పెద్ద వ్యాసం కూడా రాయాలి. విషయం తనే ఎంచుకుని, తనే వెతికి, తనే రాయాలి. అది సొంతంగా చేసిన పనే అని, దాన్ని చూసే సారు సంతకం పెడితేనే పైన మార్కులు వేసేవాళ్ల దగ్గరకు వెళుతుంది. వెళ్లకపోతే మిగతా వాటిలో ఎన్ని మార్కులు వచ్చినా డిప్లొమా లేదు.

మనవరాలు ఎంచుకున్న విషయం, రేవులో నెత్తిన ఇనప గమేళాలతో బొగ్గు మోసిన ఆడకూలీలు. యంత్రాలు వచ్చాక వాళ్లంతా ఏమయ్యారన్నది. నేను మోశాను. నాతో మోసినవాళ్లలో ఇప్పుడు నోరు తిరిగి చెప్పగలిగే స్థితిలో ఉన్నది నేనొక్కదాన్నే.

ఎండాకాలం సెలవుల్లో ఒక సాయంత్రం ఫోను తెచ్చి నా మూతి దగ్గర పెట్టింది.

"మామ్మా, నువ్వు సెప్పుకుంటూ పో. నాను రికార్డు సేత్తాను."

"ఫోనుకి సెప్పడమేటే? నాకు రాత రాదేటి? రాసే ఇత్తాను. తియ్యి అది."

"సెప్తే సాలన్నారు మా సారు."

"మీ సారుకి నువ్వు సెప్పు, మా మామ్మ ఏలిముద్ర మనిషి కాదని!"

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. మా పేట కమ్యూనిటీ హాల్లో ఆడవాళ్లకు బడి పెడితే వెళ్లి నేర్చుకున్నాను. అంతకు ముందంతా కూలి తీసుకునే చోట బొటనవేలు సిరాలో ముంచిన మనిషిని. అలాంటిదాన్ని, రాయడం వచ్చినా నోటితో చెప్పమంటే కోపం రాదా? వచ్చింది.

రాయడానికి నెల పట్టింది. ముందు పెన్సిలుతో రాశాను. మాట్లాడినట్టే రాసి చూసుకుంటే సిగ్గేసింది. అచ్చులో ఎవరూ అలా రాయరు కదా. నాను అన్నచోటల్లా నేను అని దిద్దాను. దిద్దిన కాగితం మురికిగా ఉందని కొత్త కాగితం తీశాను. మళ్లీ తప్పు, మళ్లీ కాగితం. చివరికి నీలం పెన్నుతో ఒక్క కొట్టివేత లేకుండా ఆరు పేజీలు రాశాను. పెన్సిలు కాగితాలన్నీ చేపలు తోమేటప్పుడు కింద పరిచేశాను. తప్పులు ఎవరైనా దాచుకుంటారా?

దాచుకుంటారట. ఆ మంగళవారం నన్ను పిలిపించింది అందుకే.

గదిలో నేనూ మనవరాలూ కాక ఇద్దరున్నారు. ఒకరు వ్యాసం చూసే చరిత్ర సారు. కృష్ణా జిల్లా మనిషి, మాట మెత్తన. రెండో ఆవిడ ఈ డిప్లొమా మొత్తం నడిపించే కోఆర్డినేటర్ మేడమ్.

"చాలా బాగా రాశారండీ మామ్మగారూ" అన్నారు సారు.

"బాగుంటే నన్నెందుకు రమ్మన్నారు బాబూ?"

ఆయన కాగితాల వైపు చూశారు. మేడమే చెప్పారు. "చేతిరాత మీదేనమ్మా, అందులో అనుమానం లేదు. మాటలు కూడా మీవేనని మాకు తెలియాలి. పాప రాసిస్తే మీరు ఎత్తి రాశారని రేపు ఎవరైనా అంటే పాపకే ప్రమాదం. చిత్తు కాగితాలు ఉన్నాయా? తప్పులూ, కొట్టివేతలూ?"

"తప్పులు దాచుకోమన్న బడి నానెక్కడా సూడలేదమ్మా. సేపల కింద ఏసేసినాను."

"మామ్మా!" అంది మనవరాలు. సారుకు నవ్వొచ్చింది. మేడమ్‌కు రాలేదు.

సారే దారి చూపించారు. "పోనీ ఇప్పుడు చెప్పండి. నేను రికార్డు చేస్తాను. పాప అదే వాడుకుంటుంది." మనవరాలి మొహంలోకి ప్రాణం వచ్చింది. ఫోను బల్ల మీద పెట్టారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"ఆ రోజులలో మేము సూర్యుడు ఉదయించక ముందే రేవుకు చేరుకునేవారము. బొగ్గు ధూళి మా కనురెప్పలపై నిలిచి ఉండేది..."

అది మొదటి పేజీ. అన్నిసార్లు తిరగరాసేసరికి కంఠస్థమైపోయింది. నోరు తెరిస్తే అదే వస్తోంది. మేడమ్ సారు వైపు చూశారు. ఆ చూపు నాకు అర్థమైంది. అర్థమైన కొద్దీ ఇంకా గట్టిగా అప్పజెప్పాను.

"కాగితంలో లేనిది ఏదైనా చెప్పండి. మీ పక్కన మోసినావిడ గురించి చెప్పండి" అన్నారు సారు. గుర్తు చేసుకున్నాను. మనిషి కళ్ల ముందు కనబడుతోంది, చెమటతో సహా. నోట్లోంచి మాత్రం నాలుగో పేజీ వచ్చింది.

మనవరాలు నా మోచెయ్యి పట్టుకుంది. "మామ్మా, ఇంటికాడ తిడతావు గదా, అలాగ సెప్పు."

"ఇక్కడ ఎవుల్ని తిట్టమంటావే?"

తర్వాత మనవరాల్ని చూపించి బతిమాలాను కూడా. "బాబూ, ఇది ఈ గుంట నేర్పింది కాదు. నాకు నానే నేర్పుకున్నాను." ఆ మాట కూడా నేర్పినట్టే వినబడింది. నాకే అలా వినబడింది.

సారు రికార్డింగు ఆపేశారు. "నేను నమ్ముతున్నానండీ. కానీ నా నమ్మకం చూసి ఎవరూ ఒప్పుకోరు. దీనికి నేను సంతకం పెట్టలేను." మనవరాలితో చెప్పారు, మామ్మగారి భాగం తీసేసి పుస్తకాల్లో దొరికిన దానితోనే శుక్రవారంలోగా మళ్లీ రాసి తెమ్మని. అలా అయితే సంతకం పెడతారట.

"సరే సార్" అంది. ఏడవలేదు. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచింది. నా పేజీలు అప్పటికే ఇంగ్లీషులోకి మార్చి వ్యాసం నిండా పెట్టుకుంది. ఒక్కొక్క చోటా నీలం రంగు పులిమి తీసేస్తోంది. నాకు ఇంగ్లీషు రాదు. ఎక్కడెక్కడ నేనున్నానో ఆ నీలం వల్ల తెలుస్తోంది.

"ఒక్కటైనా ఉంచవే" అన్నాను.

"ఉంచితే నా డిప్లొమా పోతాది మామ్మా." తల ఎత్తలేదు.

బస్సు కండక్టర్ నుంచి కొడుకు దాకా ఎవరికీ తగ్గని దాన్ని. ఆ గదిలో కోప్పడడానికి నాకు ఒక్క మనిషి దొరకలేదు. బొగ్గు మోసిన ఆడవాళ్ల మీద వ్యాసం అది. శుక్రవారం నాటికి అందులో బొగ్గు మోసిన ఆడది లేదు. డిప్లొమాకి అదే పనికొస్తుందట.

ఆ రోజు ఆ గదిలో ఉన్నది నలుగురం. నమ్మినా సంతకం పెట్టలేని చరిత్ర సారు, నా ఆరు పేజీలు ప్లాస్టిక్ కవరులో పెట్టి జాగ్రత్తగా తిరిగిచ్చిన మేడమ్, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న నా మనవరాలు, పక్క కుర్చీలో నేను.