పాటల బోర్డు మీద 397

"…ఫోన్ల చూసి చెప్పిందని గంతమంది పిల్లల ముందట అంటివి. నువ్వు చూసినవా?"

"ఆరంకెల సంఖ్య, మగ్దలేనా! చూడంగనే పదమూడుతోని పోతదంటే ఎట్ల నమ్మాలె?"

"నమ్మకుంటే లెక్క చెయ్యాలె. నువ్వు సారువా, పోలీసువా?"

మగ్దలేనమ్మ మొగుడి ముందు చాయ గ్లాసు పెట్టి వంటింట్లోకి పోయింది.

సీమోను బోథ్ ఊరి బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం ప్రార్థనకు ముందు చర్చి వరండాలో పిల్లలతో ఒక ఆట ఆడిస్తాడు. పాటల బోర్డు మీది మొదటి కీర్తన, చివరి కీర్తన నంబర్లను పక్కపక్కన రాస్తే వచ్చే పెద్ద సంఖ్యను ఏది భాగిస్తుందో చెప్పాలి. నిన్న పాస్టరు రెండింటికీ ఒకే కీర్తన పెట్టాడు. 397397 అయింది. క్యాథరిన్ వెంటనే పదమూడు అంది. ఆయన ఫోన్ చూశావన్నాడు. ఆ పిల్ల ప్రార్థనకు ఆగకుండా ఇంటికి వెళ్లిపోయింది.

ఇప్పుడు పదమూడుతో శేషం లేకుండా పోతుందేమో పేపరు అంచున భాగించి చూశాడు. పోయింది. 398398 కూడా పోయింది. మూడంకెల సంఖ్యను రెండుసార్లు రాస్తే దాన్ని వెయ్యిన్నొకటితో గుణించినట్టే. వెయ్యిన్నొకటి అంటే ఏడు, పదకొండు, పదమూడుల లబ్ధం. మూడంకెల కీర్తన ఏదైనా పోవాల్సిందే. అది క్యాథరిన్ కంటికి పడింది, తనకు పడలేదు. ఆయన చెవులు వేడెక్కాయి. చాయ ముట్టకుండానే క్యాథరిన్ ఇంటికి బయలుదేరాడు.

క్యాథరిన్ తండ్రి జేమ్స్ వాకిట్లో కుర్చీ వేశాడు. సీమోను కూర్చోలేదు.

"ఇగ రానంటుంది సార్. ఎంత చెప్పినా ఇంటలేదు."

పరదా కింద పిల్ల పాదాలు కనిపించాయి. సీమోను వాటినే చూస్తూ అన్నాడు.

"నిన్ను దొంగను చేసిన, బిడ్డా. వచ్చే ఆదివారం లెక్క నువ్వు చెప్పు. నేను పిల్లల్ల కూసుంట."