అయిదు మిల్లీమీటర్ల వెల్డింగు

బెంగళూరు పక్కన అత్తిబెలెలోని మా షెడ్డులో ఆయన వెల్డరు. పక్క గదిలో కంప్యూటరు ముందు కూర్చునే ఇంజినీరుని నేను. బరువులెత్తే ఉక్కు చట్రాలకు ఎక్కడ ఎంత మందం వెల్డింగు కావాలో లెక్క తేల్చడం నా పని. చట్రాన్ని కంప్యూటరులో వేల చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క మీద ఎంత ఒత్తిడి పడుతుందో రంగుల్లో చూస్తాను. నీలం కనిపిస్తే నిశ్చింత, ఎరుపు కనిపిస్తే గండం.

ఆయనది కదిరి వైపు. అందరూ నన్ను మేడమ్ అన్నా ఆయనకు మాత్రం నేను పాపనే. మా దగ్గర ప్రతి వెల్డరూ తన పని పక్కన నంబరు ముద్ర కొట్టాలి. మిగతావాళ్లు మొక్కుబడిగా కొట్టి పోతారు. ఈయన ఆ చోటిని గుడ్డతో శుభ్రంగా తుడిచి, నంబరు చెక్కిన ఉక్కు పంచిని నిటారుగా నిలిపి, సుత్తితో ఒకే ఒక్క దెబ్బ వేసేవాడు. ఆ ముచ్చట చూడడానికే నేను టీ గ్లాసు పట్టుకుని షెడ్డులోకి వెళ్లేదాన్ని.

ఒకరోజు కొత్త చట్రానికి బరువు పరీక్ష చేస్తుంటే వెల్డింగు పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ పగులు పక్కనే ఆయన నంబరుంది. మేనేజరు పంచి లాక్కుని ఆయన్ని అంచులు అరగదీసే గ్రైండింగు పనికి తోశాడు. ఇక వెల్డింగు ముట్టుకోవద్దన్నాడు. నా రిపోర్టంతా నీలమే కదా, తప్పు ఆయనదేనని నేనూ అనుకున్నాను. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

"నేను బాగానే ఏసినా పాపా. నువ్వు అయిదన్నావు, అయిదే ఉండాది. గేజీ పెట్టి సూడు," అన్నాడాయన.

పెట్టి చూశాను. మొదలు నుంచి చివరిదాకా అయిదే.

సీటుకొచ్చి నా మోడల్ మళ్లీ తెరిచాను. ఒకదాని మీద ఒకటి పరిచిన రెండు ప్లేట్లు. షెడ్డులో వాటిని పట్టి ఉంచేది అంచుల వెంట వేసిన వెల్డింగొక్కటే. కంప్యూటరు మాత్రం, మనం వద్దనేదాకా, తాకిన చోటల్లా జిగురు పూసినట్టు అతికించేస్తుంది. నేను వద్దనలేదు. నా లెక్కలో ఆ లేని జిగురే బరువంతా మోసింది. దాన్ని తీసేసి లెక్క మళ్లీ నడిపితే అంచంతా ఎర్రబడింది. కావలసింది ఎనిమిది మిల్లీమీటర్లు.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందిలే అన్న బుద్ధి కూడా ఒక్క నిమిషం పుట్టింది. నా మీద నాకే ఒళ్లు మండి, లేచి వెళ్లి మేనేజరుకు చెప్పేశాను. అతను నన్ను కడిగిపారేశాడు. సాయంత్రానికి ఆయన పంచి ఆయన చేతికొచ్చింది.

నన్ను ఒక్క మాటన్నా అనలేదాయన. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. మర్నాడు ఎనిమిది మిల్లీమీటర్ల వెల్డింగు వేసి, తుడిచి, తన నంబరు కొట్టి నన్ను పిలిచాడు. అక్షరాల పంచిలున్న డబ్బా నా ముందు పెట్టాడు.

"నీ పేరులో మొదటి అక్షరం కొట్టు పాపా."

"నేనెందుకు, అన్నా?"

"ఈతూరి పగిలితే నేనొక్కణ్ణే ఎందుకు తిట్లు తినల్ల?"

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నా దెబ్బకు అక్షరం వంకరగా పడింది. ఆయన దాన్ని వేలితో తడిమి, "ఉండనీలే," అన్నాడు.

మళ్లీ పెట్టిన బరువు పరీక్షలో క్రేను బరువెత్తుతుంటే ఊపిరి బిగబట్టి ఆ వంకర అక్షరం వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన అటు చూడనే లేదు. తాపీగా గ్లౌజులు విప్పుకుంటున్నాడు.