కొండవ్వ చెక్కిన ములుకులు

సిద్దిపేట గల్లీల్లో రోళ్లకూ ఇసుర్రాళ్లకూ గంట్లు కొట్టి బతికే కొండవ్వకు రాళ్లు ఏరే అలవాటుండేది. బెజ్జంకి వైపు పల్లెలకు పనికి పోయినప్పుడల్లా, దున్నిన చెలకల్లో దొరికే సన్నటి చెకుముకి పెచ్చులు కొంగున కట్టుకొచ్చేది. అవి వాటంతటవి పగిలినవి కావని, ఎవరో పనితనం తెలిసినవాళ్లు చెక్కినవని ఆమె చేతికి తెలిసిపోయింది.

1986లో, కాలేజీలో చరిత్ర చెప్పే భూపతి ఇంట్లో రోలు కొడుతూ ఆ మూట విప్పి చూపించింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూశాడు.

"ఇవి వేల ఏండ్ల కిందటివి కొండవ్వా. హైదరాబాద్‌ల పెద్దోళ్లకు చూపెడ్త. నీ పేరు గూడ రాస్త."

ముప్పై ఒక్క రాళ్లు తీసుకుపోయాడు. ఆరు నెలలకు పేపర్లో ఆయన ఫోటో పడింది. కోడలు బాలమణి చదివి వినిపించింది. సారు రెండేళ్లు ఎండలో తిరిగి స్వయంగా ఏరాడట. ఇక బాణాల ములుకుల కోసం వెతుకుతున్నాడట.

"నా పేరు యాడుంది?"

"లేదత్తా. మూట మోసిన కూలామె అని మాత్రం రాసిన్రు."

కొండవ్వ కాలేజీకి పోయి అడిగింది. వరండాలో పిల్లలందరి ముందూ భూపతి నవ్వాడు. "రాళ్లు కొట్టుకునేదానివి, నీకెందుకే చరిత్ర? పో, పనిచూస్కో."

ఆ రోజు ఆమెకు అన్నం సయించలేదు. ఈయనకు రాళ్ల గురించి చెప్పడం వచ్చుగానీ, రాయి తెలియదు. అక్కడే దెబ్బ కొట్టాలనుకుంది.

చెకుముకి దొరకడం కష్టం కాబట్టి, బాణం ములుకులు చెక్కడం సోడాసీసాల అడుగు గాజు మీద మొదలుపెట్టింది. సుత్తె తగలగానే ములుకు రెండు ముక్కలయ్యేది. వేళ్లు తెగేవి. పసుపద్ది మళ్లీ కూర్చునేది. నాలుగు నెలలు అట్లాగే గడిచాయి. ఒకనాడు దాదాపు పూర్తయిన ములుకును సుత్తెతో ముట్టడానికి భయమేసి, దాని అంచు మీద మందపాటి రాగితీగ మొన ఆనించి గట్టిగా నొక్కింది. అడుగువైపు నుంచి చేపపొలుసంత పెచ్చు టక్కున ఊడింది.

కొట్టడం కాదు, నొక్కడం. అరచేతిలో పాత చెప్పుతోలు వేసుకోవాలి. ముందు అంచును గరుకురాయికి రుద్ది కొంచెం మొద్దు చేయాలి, లేకుంటే నలిగిపోతుంది. భుజం బలమంతా తీగ మొనకు దించి, చివర్లో మణికట్టు కిందికి వంచాలి. పొలుసు ఊడినప్పుడల్లా గొణిగేది: "ఇది నీ ఫోటోకు. ఇది నీ నవ్వుకు."

చెకుముకితో ఐదు ములుకులు చేసింది. ఒక్కోదాని నుంచి రాలిన పెచ్చులను ఒక్కో గుడ్డలో కట్టి దాచింది. ములుకులు పాతవాటిలా కనబడేందుకు చింతపండు పులుసులో నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి, భూపతి వెతుకుతున్న చెలకలోనే వానకాలం ముందు పాతిపెట్టింది.

"ఆయన ఇజ్జత్ పోతదత్తా," అంది బాలమణి.

"పోవాలె. నాది పోలే?"

ఏడాదికి భూపతి వాటిని తవ్వి తీశాడు. కాలేజీలో సభ పెట్టి, అద్దాలపెట్టెలో ఉంచాడు. హైదరాబాద్ నుంచి ఒక ముసలి ప్రొఫెసర్ వచ్చాడు. కొండవ్వ నేరుగా వేదిక దగ్గరికి నడిచింది.

"సారూ, గవి ఎన్నేండ్లవి?"

"మూడువేలు. నువ్వు బయటికి నడువ్."

ఆమె పెచ్చులు దాచిన గుడ్డల్లో ఒకటి విప్పి, పెట్టెలో ఉన్న దాని ములుకును చూపించింది. ప్రొఫెసర్ పెట్టె తెరిపించి ఆ ములుకు ఆమె చేతికిచ్చాడు. ఆఖర్న ఊడిన పెచ్చును ముందుగా ములుకుకు ఆనించి పెట్టింది. ఆ పెచ్చు సందు లేకుండా అతికింది. దానిపక్కన ఇంకొకటి. ప్రొఫెసర్ తానే మూడోది పెట్టి చూశాడు.

"నిరుడు నేనే చేసిన," అంది కొండవ్వ. "నేర్సుకుని మరీ చేసిన."

భూపతి కుర్చీలో కూలబడ్డాడు. చెమటలు పట్టిన ఆ ముఖాన్ని ఆమె తనివితీరా చూసింది. నెల తిరక్కుండానే ఆయన బదిలీ చేయించుకుని ఊరు వదిలాడు.

ప్రొఫెసర్ మాత్రం వెళ్లేముందు ఆమెతో ఒక మాట చెప్పాడు. "నువ్వు మొదట ఏరిన రాళ్లు నిజమైనవే అనుకుంటున్న. కాని ఇగ ఎవరు నమ్ముతరమ్మా? గవి గూడ నువ్వే చేసినవంటరు."

ఆ ముప్పై ఒక్క రాళ్లను ఏదో గోదాంలో పడేశారని తర్వాత తెలిసింది. కొండవ్వ రెండు రోజులు సుత్తె ముట్టలేదు.

"తప్పు చేసినమా అత్తా?" అనడిగింది బాలమణి.

"గా పాత రాళ్లు చెక్కినోళ్లకు అన్యాయం చేసిన," అంది కొండవ్వ. "భూపతికి గాదు. గాయనకు ఇంకా చాలలే."